లచ్చవ్వ ఆవు, మా తలుపుల్లేని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు మూడోది చెప్పడం మరిచిపోయారు. పెండ అడిగి చూడు. మొదటి రెండింట్లో మునిగినవాళ్లు ఎప్పటికో అప్పటికి తేలుతారు. మూడోదాంట్లో నేను ఒక్కదాన్నే మునగలేదు. మస్కట్‌లో కష్టం చేసుకుంటున్న మా బాపును, సిరిసిల్లలో ఉన్న మేనత్తను, కోరుట్లలో తన మానాన తాను బియ్యం ఏరుకుంటున్న అమ్మను, ఏ పాపం ఎరగని ఒక పాడియావును వెంటబెట్టుకొని మునిగాను. ఇప్పటికీ ఏ చుట్టాలింటికి పోయినా మంచినీళ్లకంటే ముందు ఈ ముచ్చటే వస్తుంది. తలా ఒక తీరుగా చెబుతున్నారు కాబట్టి, అసలు మునిగినదాన్ని నేనే చెప్పడం మంచిది.

పెండ అంటే పేడ. మా జగిత్యాల దిక్కు పెండ అంటాం. పేరు ఏదైనా వాసన ఒకటే.

నేను ఎమ్మెస్సీ జువాలజీ. రెండో ఏడు ప్రాజెక్టులు పంచిన రోజు క్లాసులో ఒకరు సీతాకోకచిలుకలన్నారు, ఒకరు చెరువు చేపలన్నారు. నాకు పిట్టలు కావాలి. చెయ్యి ఎత్తుదామనుకున్నాను. ఎత్తితే అందరూ నావైపు చూస్తారు, చూస్తే నాకు చెమటలు పడతాయి, చెమటలు పడితే ఇంకా చూస్తారు. ఈ లెక్క తేల్చుకునేలోపు పిట్టలు ఎగిరిపోయాయి. చివరికి మిగిలింది పెండపురుగులు. “నీకు ఇది సరేనా?” అన్నారు మేడం. నేను తల ఊపాను.

తల ఊపడం నా జబ్బు. గంగిరెద్దు కూడా అడిగింది విని ఊపుతుంది. నేను వినకముందే ఊపుతాను. గదిలో పుస్తకం ముందు కూర్చుంటే నా అంత వాగుడుకాయ ఉండదు, డైరీలో రోజూ పేజీలకు పేజీలు మాట్లాడతాను. మనిషి ఎదురుపడితే మాత్రం నోరు తాళం వేసుకొని, తాళంచెవి మెడకు ఇస్తుంది. మెడ ఊగుతుంది.

తీరా చదవడం మొదలుపెట్టాక ఆ పురుగుల మీద ప్రేమ పుట్టింది. వాటిలో మూడు తీర్ల సంసారాలున్నాయి. ఒక రకం పెండను గుండ్రంగా ఉండ చుట్టి, తలకిందులుగా నిలబడి, వెనకకాళ్లతో దొర్లించుకుంటూ ఎక్కడికో తీసుకుపోయి పాతిపెట్టుకుంటుంది. అచ్చం మా గల్ఫ్ మనుషులే, సంపాదన ఒకచోట, ఇల్లు ఇంకోచోట. రెండో రకం పెండ కిందనే బొరియ తవ్వి, సరుకు లోపలికి దించుకుంటుంది. కింద షాపు, మీద ఇల్లు కట్టుకున్న బజారు సేట్ల లాంటిదన్నమాట. మూడోది పెండలోనే పుట్టి, పెండే తిని, అందులోనే పిల్లల్ని కంటుంది. ఇల్లరికపు అల్లుడు. ఎవరూ నొచ్చుకోవద్దు, పురుగుల సంగతే చెబుతున్నాను.

నేను తేల్చాల్సింది ఇది: నేల మారితే ఈ సంసారాలు ఎట్లా మారతాయి? అందుకు మూడు చోట్లు ఎంచుకున్నాం. బీర్పూర్ అవతల గుట్టల్లో అడవి, కథలాపూర్ దగ్గర పసుపు, మక్క చేలు, బోయినపల్లి వైపు గొర్లు మేసే రాళ్ల బీడు. ప్రతిచోటా ప్లాస్టిక్ గ్లాసులు మూతి నేలకు సమంగా ఉండేట్టు పాతిపెట్టి, అడుగున సబ్బునీళ్లు పోసి, పైన పుల్లకు పెండ మూట వేలాడదీయాలి. వాసనకు పరుగెత్తుకొచ్చిన పురుగు గ్లాసులో పడుతుంది. మర్నాడు పోయి, ఏ రకాలు ఎన్ని పడ్డాయో చూసుకోవాలి.

మేడం ఒక్కటే షరతు పెట్టారు. “మూడు చోట్లా ఒకే ఆవు పెండ పెట్టాలమ్మా. అది కూడా అదే రోజు పొద్దున వేసింది. ఎర మారితే నువ్వు నేలను పోల్చినట్టు కాదు, పెండను పోల్చినట్టు. అప్పుడు మొత్తం మళ్లీ మొదటినుంచి.”

ఒకే ఆవు. వినడానికి ఎంత చిన్న మాట.

మా వాడలో ఆవు ఉన్నది లచ్చవ్వ పెద్దమ్మకు ఒక్కదానికే. మిగతా ఇళ్ల ముందు బైకులున్నాయి, ట్రాక్టర్లున్నాయి. అవి పొగ తప్ప ఏమీ వెయ్యవు. మా అమ్మే వాకిట్లో చల్లడానికి పెండకు బదులు కిరాణాకొట్టు నుంచి ఆకుపచ్చ పొడి తెస్తుంది. లచ్చవ్వ పెద్దమ్మ మంచిది, ఆవు ఇంకా మంచిది. ఇద్దరికీ నెమరేసే అలవాటుంది. ఆవు గడ్డిని నెమరేస్తుంది, పెద్దమ్మ వాడను నెమరేస్తుంది.

సోమవారం పొద్దున్నే మూత ఉన్న డబ్బా పట్టుకొని పోయాను. పెద్దమ్మ పాలు పిండుతూ తల తిప్పి చూసింది.

“ఏం బిడ్డా, గింత పొద్దుగాల అచ్చినవ్?”

“పెండ కావాలె పెద్దమ్మా.”

“పెండ నీకేమిటికి?”

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. మూడు రకాల నేలల్లో పెండపురుగుల వైవిధ్యం చూడాలి పెద్దమ్మా. కానీ ఆ వాక్యం గొంతుదాకా వచ్చి, పెద్దమ్మ ముఖం చూసి, వెనక్కి తిరిగి పోయింది. ఈమెకు చెబితే మధ్యాహ్నానికల్లా వాడంతా ఏమనుకుంటుందో నాకు వినిపించింది: తండ్రి ఎడారిలో ఎండుతుంటే బిడ్డ ఎమ్మెస్సీ చదివి పురుగులకు పెండ పెడుతుందట.

“ఇంట్ల పూజున్నది” అన్నాను. డబ్బా నిండింది. ఇంత సులువా అనుకుంటూ స్కూటీ మీద బీర్పూర్ పోయాను.

బుధవారం మళ్లీ పోయాను. “మొన్నటి పూజ ఇంకా ఒడువలేదా?” అంది పెద్దమ్మ. అది అయిపోయిందని, ఇది వేరే పూజ అని చెప్పాను. ఏం పూజ అంది. శుక్రవారం కూడా పెండ కావాలన్నాను, ఆ ప్రశ్న దాటిపోతుందని. దాటలేదు. పెద్దమ్మ పాలచెంబు కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

“దినం తప్పించి దినం గింత పెండ పట్టే పూజ ఏంది బిడ్డా?”

నోటి పరీక్షల్లో ఒక్కసారి కూడా సమయానికి పనిచెయ్యని నా బుర్ర ఆ రోజు మెరుపులా పనిచేసింది.

“గృహప్రవేశం” అన్నాను.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది అతకడం కాదు, సిమెంటు పెట్టి కట్టినట్టు కూర్చుంది. ఎందుకంటే మాకు నిజంగానే ఒక కొత్త ఇల్లుంది. ఊరి చివర, సగం. మా బాపు మస్కట్ నుంచి పంపినప్పుడల్లా కొంచెం కొంచెం లేస్తూ వచ్చింది. స్లాబు పడింది, గోడలు లేచాయి. తలుపులు, కిటికీలు, కింద గచ్చు మాత్రం ఇంకా బాపు తలలోనే ఉన్నాయి. ప్రతి శుక్రవారం సెలవు రోజున వీడియో కాల్ చేసి, అమ్మతో ఫోను పట్టించి ఇల్లంతా తిప్పించుకుంటాడు. గా మూలకు చూపెట్టు, గా మెట్లకాడ చూపెట్టు అంటూ. తాను సెలవు పెట్టి వచ్చి, కుడికాలు పెట్టి ఆ ఇంట్లో అడుగుపెట్టడం ఒక్కటే ఆయన కోరిక. ఆ కోరిక మీద నేను పెండ చల్లాను.

“ఎన్నడు?” అంది పెద్దమ్మ.

“శుక్రారం.”

పెద్దమ్మ వేళ్లు మడిచి లెక్క చూసింది. “శ్రావణ శుక్రారం. మంచిదినమే పట్టిండ్రు. మీ బాపు అస్తుండా?”

తల ఊగింది.

“మరి ఆవు లోపలికి జొర్రంది ఇల్లు ఇల్లెట్లయితది? నా ఆవును తోలుకస్త, ఎవల్ని అడుగకుండ్రి.”

మళ్లీ ఊగింది. నిజం చెప్పనా, ఆ క్షణంలో నాకు భయం కూడా వెయ్యలేదు. అబద్ధం పెండలాంటిది, రెండు రోజుల్లో ఎండిపోతుంది అనుకున్నాను. పెండ ఎండేలోపు పురుగులు దాన్ని ఎంత దూరం మోసుకుపోతాయో, ఆ విషయం మీదే ప్రాజెక్టు చేస్తున్న నాకు తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం కథలాపూర్ చేలలోంచి గ్లాసులు ఎత్తి, పురుగుల్ని సీసాలో పోసుకొని మహారాణిలా ఇంటికొచ్చాను. బీర్పూర్ అడవి గ్లాసుల్లో ఎన్ని రకాలు పడ్డాయో చూసి అప్పటికే మురిసిపోతున్నాను. కొమ్ము ఉన్నవి, లేనివి, ఇనుపరంగువి, పచ్చగా మెరిసేవి, బొటనవేలంత లావువి, నువ్వుగింజంతవి, అదొక జాతర. చేలల్లో మాత్రం చిన్నవే, పురుగు వెనక పురుగు అన్నీ ఒకే ముఖం, ఒకే కంపెనీ యూనిఫారం వేసుకున్నట్టు. తేడా కళ్లకు కట్టినట్టుంది. ఇక రేపు అదే ఆవు పెండతో బోయినపల్లి బీడు పూర్తయితే నా పని గట్టెక్కినట్టే.

గడప దాటగానే అమ్మ చేతిలో ఫోను, ఫోనులో బాపు గొంతు.

“ముహూర్తం ఎవలు పెట్టిండ్రు?”

“ఏం ముహూర్తం?” అంటోంది అమ్మ.

జరిగింది ఇది. లచ్చవ్వ పెద్దమ్మ కొడుకు, మా బాపు మస్కట్‌లో ఒకే గదిలో ఉంటారు. పెద్దమ్మ కొడుక్కి ఫోను చేసింది. ఆ అన్న డ్యూటీ నుంచి వచ్చిన మా బాపును గదిలో పదిమంది ముందు నిలబెట్టి మిఠాయి ఏదని అడిగాడు.

“నాకు చెప్పకుంట పెట్టుకున్నరు గదా” అన్నాడు బాపు.

“మాకు చెప్పకుంట మీరే పెట్టుకున్నరేమో” అంది అమ్మ. అని, గొంతు తగ్గించి, “అస్తున్నరా?” అని అడిగింది. ఆ ఒక్క క్షణం అమ్మ ముఖం పండుగలా వెలిగింది. చూడలేక సీసా మూత బిగించడం మొదలుపెట్టాను.

“నేనెక్కడ అస్తున్న? సెలవు దొరుకంగనే అస్తనంటి గదా. నేను రాకముందుకే ఇల్లు జొస్తే, ఇగ నేనచ్చేది సుట్టంలెక్క గదనే” అన్నాడు బాపు. కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. డ్యూటీకి టైమయిందని పెట్టేశాడు.

పెట్టిన వెంటనే మళ్లీ మోగింది. ఈసారి మేనత్త. పెద్దమ్మ బిడ్డను ఇచ్చింది సిరిసిల్లలో మా మేనత్త వాళ్ల గల్లీలోనే. మా ఇళ్లల్లో కొత్త పొయ్యి మీద పాలు పొంగించేది ఇంటి ఆడబిడ్డ. అది మా మేనత్త హక్కు, ఆ హక్కు కోసం ఆమె పునాది తవ్విన రోజు నుంచి కాచుకొని ఉంది.

“మంచిగున్నరా వదినె? మంచిగనే ఉంటరు తియ్, కొత్తిల్లు గదా. పాలు ఎవలు పొంగిస్తున్నరు, మీ చెల్లెలా?”

అమ్మ నోరు తెరిచేలోపు పెట్టేసింది. అమ్మ మళ్లీ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఫోనే బందు పెట్టింది.

అప్పుడు అమ్మ నావైపు తిరిగింది. అమ్మ ముందు నాకు నోరు వస్తుంది, అదొక్కటే నా అదృష్టం. అంతా చెప్పాను. అమ్మ సీసా అందుకుంది. సీసాలో పురుగుల్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ పురుగుల్ని చూసింది. మా ఇద్దరిలో ఎవరికి తెలివి ఎక్కువో తూకం వేస్తున్నట్టు.

“పురుగులకు అనే చిన్నమాట రాలేదు గని, గృహప్రవేశమనే పెద్దమాట నోట్లె పట్టింది” అంది చివరికి. తర్వాత పని పంచింది. బాపుకూ అత్తకూ ఫోను కలిసినప్పుడు తాను చెబుతుంది. లచ్చవ్వకు మాత్రం నేను ఇప్పుడే పోయి ఆవును తేవద్దని చెప్పి రావాలి. “నువ్ పెట్టిన మంట, నువ్వే ఆర్పు.”

పోయాను. పెద్దమ్మ ఆవును కడుగుతోంది. కొమ్ములకు పసుపు రాసింది, మెడకు కొత్త గంట కట్టింది. ఆవు కూడా పెళ్లికూతురిలా తల వంచుకొని నిలబడి ఉంది.

“రేపు పొద్దుగాలనే తోలుకరమ్మని చెప్పనీకచ్చినవా బిడ్డా?”

నేను ఏం చేసి ఉంటానో మీకు తెలుసు. ఇంటికి వచ్చాక అమ్మ, “చెప్పినవా?” అంది. దానికీ అదే చేశాను. ఆ రాత్రి అమ్మకు బాపు ఫోనూ కలవలేదు, అత్త ఫోనూ కలవలేదు.

తిట్టుకోండి. నేను తిట్టుకున్నన్ని తిట్లు మీకు రావు.

శుక్రవారం తెల్లవారగానే డబ్బా పట్టుకొని కొత్తింటికి పరుగెత్తాను. నా పథకం సులువైనది. ఆవు వస్తుంది, గుమ్మం బయటే ఆపుతాను, పెండ పట్టుకుంటాను, గృహప్రవేశం వాయిదా పడిందని చెప్పి వెనక్కి పంపుతాను. పథకాలు వెయ్యడంలో నన్ను మించినవాళ్లు లేరు.

పోయేసరికి ఇంటి మధ్యలో పొగ. మేనత్త మొదటి బస్సుకే దిగింది. పట్టుచీర కట్టుకొని, మిగిలిపోయిన ఇటుకలతో పొయ్యి పేర్చి, కట్టెలు అంటించి, కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పోస్తోంది. పిలవకున్నా వచ్చావా అని నేను అడగలేదు, అయినా జవాబు చెప్పింది. “పిలిస్తే సుట్టాలస్తరు. అన్న ఇంటికి ఆడబిడ్డకు పిలుపెందుకు?” అప్పటికే గుమ్మంలో గంట చప్పుడు. ముందు పెద్దమ్మ, మధ్యలో ఆవు, ఆవు వెనక, దారిలో పెద్దమ్మ వేసిన కేక విని ఇంటినుంచి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చిన అమ్మ. అమ్మ నావైపు చూసిన చూపుకు ఆ కట్టెలు అవే అంటుకోవాలి.

అత్త ఫోను తీసి బాపుకు వీడియో కాల్ కలిపి, కిటికీ లేని కిటికీలో నిలబెట్టింది. బాపు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని కూర్చున్నాడు. వెనక గది జనమంతా మెడలు చాచి చూస్తున్నారు. అమ్మ ఏదో చెప్పబోతే ఆయనే ఆపాడు. “కానియ్యుండ్రి. అయ్యేదాన్ని ఎందుకు ఆపుడు? ఫోను జర లోపలి దిక్కు తిప్పుండ్రి, నేనూ చూస్త.” నవ్వుతూనే అన్నాడు. చూపు మాత్రం తలుపు ఉండాల్సిన చోట ఆగిపోయింది.

ఆవు లోపలికి వచ్చింది. కుడికాలా ఎడమకాలా అని పెద్దమ్మకూ అత్తకూ వాదన అయ్యేలోపు నాలుగుకాళ్లూ వచ్చేశాయి. హాలు నడుమ నిలబడింది, ఇల్లంతా ఒకసారి చూసింది, నచ్చినట్టుంది, తోక ఎత్తింది. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. కొత్తింట్లో ఆవు పెండ వేసిందంటే అంతకంటే శుభం లేదు. నాకూ అంతే. నేను డబ్బా మూత తీసి వంగాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. “ముట్టకు. లచ్చిందేవి అచ్చి కూసున్నది. పాలు పొంగెదాక కదిలియ్యద్దు.”

అటు పొయ్యి మీద పాల అంచు సన్నగా నురగ కడుతోంది. ఇటు నా డబ్బా ఖాళీగా ఉంది. ఫోనులో బాపు, “పొంగుతున్నయా?” అని అడిగాడు. అడిగి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆ పాలు పొంగితే ఆ ఇల్లు మా బాపు లేకుండానే ఇల్లయిపోతుంది. ఇక ఎన్ని సెలవులు పెట్టినా ఆ మొదటి అడుగు వెనక్కి రాదు.

“ఆపుండ్రి” అన్నాను.

అందరూ నావైపు చూశారు. ఆవు కూడా. చెమటలు పట్టాయి. పట్టనీ అనుకున్నాను.

“గృహప్రవేశం లేదు, ఏం లేదు. నేనే అబద్ధం చెప్పిన. నాకు పెండ కావాలె, పురుగులకు. అడవిల ఎన్ని తీర్ల పెండపురుగులున్నయ్, చేండ్లల్ల ఎన్ని, బీడు మీద ఎన్ని, గది చూసుడే నా సదువు. పెద్దమ్మకు చెప్పనీకి సిగ్గయ్యి గిట్ల చెప్పిన.”

నా జీవితంలో అన్ని మాటలు ఒక్క దమ్మున మాట్లాడటం అదే మొదలు. ఇక ఏడుపులు, క్షమాపణలు ఉంటాయని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒక్కరు కూడా నమ్మలేదు.

“చూసినవా అన్నా” అంది అత్త ఫోనుతో. “నా చేతులతోటి పాలు పొంగకూడదని పిల్లతోటి గూడ చెప్పిస్తున్నరు.”

“తండ్రి మీద రందితోటి బెంగటిల్లింది పిల్ల” అంది పెద్దమ్మ. “ఏదో గాలి తాకింది. నిమ్మకాయ తిప్పుండ్రి.”

“పురుగులను సదివేదేంది, ఎమ్మెస్సీ కాదా నువ్ సదివేది?” అన్నాడు బాపు.

అమ్మ నడుమ నిలబడి, పిల్ల చెప్పింది నిజమే అని ఇద్దరికీ చెబుతూనే ఉంది. అబద్ధం గల్లీలు, సముద్రాలు దాటింది ఒక్కరోజులో. నిజం ఆ హాలు దాటలేకపోయింది.

అప్పుడు చిన్న ఫ్యాను తిరిగినట్టు చప్పుడు. నల్లటిదేదో కిటికీలోంచి దూసుకొచ్చి, బాపు ముఖం మీద, అంటే ఫోను అద్దం మీద టక్కుమని కొట్టుకొని, కింద పడి, లేచి, తిన్నగా పెండవైపు నడిచింది. దాని వెనక ఇంకొకటి. తలుపులు లేని ఇల్లు కదా, అటునుంచి రెండు, ఇటునుంచి నాలుగు.

“గివే” అన్నాను. “బొరియ తవ్వే రకం. చూడుండ్రి, తలతోటి ఎట్ల తోస్తున్నదో.”

పెద్దమ్మ వంగింది. అత్త వంగింది. ఇన్నేళ్లు పెండ ఎత్తి పోసిన పెద్దమ్మ, దీని దిక్కు ఎన్నడూ మంచిగ చూడలేదని ముక్కు మీద వేలేసుకుంది. నెత్తి మీద కొమ్మున్నది మొగదా, ఆడదా అని అత్త అడిగింది. మొగదే అన్నాను. ఆడదాని కోసం రెండు మొగవి ఆ కొమ్ములతో కొట్లాడుకుంటాయని కూడా చెప్పాను. అత్త సంబరపడిపోయింది. బాపు గొంతు కిటికీలోంచి వచ్చింది. “ఫోను జర కిందికి పెట్టరాదుండ్రి, నాకు కనబడ్తలేదు.” అమ్మ ఫోను తీసి పెండ పక్కన పట్టుకుంది. మస్కట్‌లో గది జనమంతా ఒకరి మీద ఒకరు పడి చూశారు. నేను చెబుతూనే ఉన్నాను. ఉండ చుట్టేవి ఎవరు, బొరియలు తవ్వేవి ఎవరు, అడవిలో ఎందుకన్ని రకాలు, పురుగుమందు చల్లిన చేలల్లో ఎందుకిన్నే. నన్ను ఆపేవాళ్లు లేరు.

వెనకనుంచి చుయ్యిమని చప్పుడొచ్చింది.

తిరిగి చూస్తే ఇత్తడి గిన్నె చుట్టూ తెల్లటి వరద, ఆరిపోయిన పొయ్యి, మాడిన పాల వాసన. ఎప్పుడు పొంగాయో, ఏ దిక్కుకు పొంగాయో ఒక్కరూ చూడలేదు.

ఎట్లనో ఒకట్ల పొంగినయి కదా, అయిపోయింది అంది పెద్దమ్మ. ఎట్లా అవుతుంది, నా చెయ్యి గిన్నె మీద లేదు కదా అంది అత్త. నేనైతే చూడనే లేదు అంది అమ్మ. తీర్పు కోసం ముగ్గురూ ఫోనువైపు తిరిగారు. బాపు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. వెనక ఎవరో ఏదో సలహా చెప్పబోతే చేత్తో ఆగమన్నాడు.

“ఆడబిడ్డ పొంగియ్యలే. ఇంటామె చూడలే. నేను లేనే లేను. అటువంటప్పుడు అది మన గృహప్రవేశమెట్లయితది?” అన్నాడు. “ముందుగాల జొచ్చి, బొరియ తవ్వుకొని, కాపురం పెట్టిందెవలు? పురుగులు. పాలు వాటికే పొంగినయ్. మనది నేనచ్చినంక.”

అందరికంటే ముందు అమ్మ నవ్వింది. తర్వాత అత్త, తన హక్కు ఇంకా ఖర్చు కాలేదని అర్థమయ్యాక. పెద్దమ్మ మాత్రం, తన ఆవును పురుగుల గృహప్రవేశానికి తెచ్చినట్టయిందని వాడంతా అంటుందే అని దిగులు పడింది. అనేది ఎవరో, ముందుగా చెప్పేది ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఓదార్చలేదు.

నా డబ్బా నిండింది. బోయినపల్లి సిరిసిల్ల పోయే తోవకు కొంచెం పక్కకు. అత్త పట్టుచీరతోనే స్కూటీ వెనక కూర్చొని, డబ్బా ఒళ్లో పెట్టుకొని వచ్చింది. మధ్యలో చాయ్ దగ్గర ఆగితే డబ్బాలో ఏముందని అడిగినవాళ్లకు లచ్చిందేవి అని చెప్పింది. బీడులో గ్లాసులు పాతేటప్పుడు పైట బిగించి రాళ్లు తీసింది కూడా. “నువ్ గిన్ని మాట్లాడుతవని తెల్వది బిడ్డా” అంది. నాకూ తెలియదు అన్నాను.

మర్నాటి గ్లాసుల్లో ఉండ చుట్టే రకాలే ఎక్కువ. ఎండ కాగే రాళ్ల నేల వాటికి ఇష్టం, పెండ ఎండేలోపు ఎత్తుకుపోవాలి కదా. అడవిలో అన్ని సంసారాలూ ఉన్నాయి, చేలల్లో కొన్నే మిగిలాయి, బీడులో దొర్లించేవాళ్ల రాజ్యం. ఇన్ని తిప్పలూ ఈ మూడు ముక్కల కోసం. అయినా ఆ మూడు ముక్కలూ రాసుకున్న రోజు నాకు పొంగిన పాలే గుర్తొచ్చాయి.

బాపు ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫోను చేసి, గోడల సంగతి అడగడానికి ముందు, “కిరాయిదార్లు మంచిగున్నరా?” అని అడుగుతాడు. అమ్మ ఫోను కిందికి వంచి బొరియలు చూపిస్తుంది.

మేడం ముందు ప్రాజెక్టు పెట్టినప్పుడు, మూడు చోట్ల కింద నాలుగోది చూసి, ఈ తలుపుల్లేని ఇల్లు ఏమిటని అడిగారు. బుద్ధి వచ్చినదాన్ని కాబట్టి ఈసారి అబద్ధం ఆడలేదు. ఆవు, అత్త, పాలు, మస్కట్ అన్నీ చెప్పాను. మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. కళ్లు తుడుచుకొని, ఇళ్లు కట్టే కొత్త ప్లాట్లలో పురుగుల మీద పని చేసినవాళ్లు తక్కువ, ఇది మంచి ఆలోచన, మంచి ముహూర్తాలు అయిపోయేలోపు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఆవు జొరబడే ప్రతి గృహప్రవేశానికీ పోయి గ్లాసులు పెట్టు అన్నారు. అబద్ధం ఒక్క గృహప్రవేశంతో వదిలింది. నిజం వదిలేట్టు లేదు. పిలవని ఇళ్లకు పోయి, తెలియని మనుషుల ముందు నిలబడి, మీ ఇంట్లో ఆవు పెండ వేస్తే నాకివ్వండి అని అడుగుతున్నాను. అడిగిన ప్రతిచోటా ఎందుకు అంటారు. పురుగులకు అంటాను. నవ్వి, భోజనం చేసి పొమ్మంటారు.

కాబట్టి గోమాత సాక్షిగా, ఆమె వేసినదాని సాక్షిగా నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం ఎవరి ఇంటి గృహప్రవేశానికీ నా నోటితో తేదీ పెట్టను. మా బాపు మస్కట్ నుంచి దిగి, కొత్త తలుపు తోసి, కుడికాలు లోపల పెట్టి, అత్త పాలు పొంగించే రోజున కూడా ఒక మూలన నిలబడి నోరు మూసుకొనే ఉంటాను. డబ్బా మాత్రం చేతిలో ఉంటుంది.